పాత బండి ఇంజన్‌కు సరైన సామాను దొరకబట్టుడు ఎట్ల: వరంగల్ దిక్కు ఉన్నోళ్ళకు పూర్తి గైడ్

పాత యెజ్దీ బైకుకు పిస్టన్, అంటే సిలిండర్‌ల పైకి కిందికి ఆడే ముక్క, కావాలని షాపుకు పోయి "అన్నా, యెజ్దీ పిస్టన్ ఉందా" అని అడిగితే ఉందనే అంటడు, ఎందుకంటే ఏదో ఒక యెజ్దీ పిస్టన్ ఆయన కాడ ఉండనే ఉంటది, అది మీ ఇంజన్‌కు ఎక్కుతదా లేదా అన్నది ఆయన తలనొప్పి కాదు. పాత బండ్ల మీద మనోళ్ళ పైసలు ఎక్కువ పోయేది ఈడనే, బండి పేరు చెప్పి కొంటరు, కొలత చెప్పి కొనరు. నంబరు, కొలత, విప్పిన పాత సామాను, ఈ మూడు చేతిల లేకుండ షాపు మెట్లు ఎక్కొద్దు, ఇగ ఎట్లనో వరుసగ చెప్త.

మొదలు మీ ఇంజన్ ఏదో తేల్చుకోండ్రి

ట్యాంకు మీద పేరును నమ్మొద్దు. ముప్పై నలభై ఏండ్ల బండి అంటే చేతులు మస్తు మారి ఉంటది, నడుమల ఎవరో ఇంజన్ పగిలితే ఇంకో బండిది ఎక్కించి ఉంటరు, తర్వాత కొన్నోళ్ళకు ఆ సంగతే తెల్వది. చాంబర్ (ఇంజన్ కింది డొల్ల) మీద కొట్టిన ఇంజన్ నంబరును కిరోసిన్ తోని కడిగి సుద్దముక్క రుద్దుండ్రి, అంకెలు తెల్లగ తేలుతయ్. దాన్ని ఆర్సీ తోని కలిపి చూడాలె. పాత ఏపీ 36 వరంగల్ బండి అయినా, ఏపీ 15 కరీంనగర్‌ది అయినా, ఏపీ 1 ఆదిలాబాద్‌ది అయినా నంబరు కలవకపోతే పిస్టన్ సంగతి పక్కన పెట్టి ముందు ఆర్టీఏ ఆఫీసు పని చూసుకోండ్రి, ఇంజన్ మొత్తం మారిస్తే అది ఆర్సీల ఎక్కాలె.

ఇంజన్ మోడల్ ఎందుకు అంత ముఖ్యమో బుల్లెట్ తోనే అర్థమైతది. బుల్లెట్ 350 అనంగనే 70 మి.మీ. బోరు (సిలిండర్ లోపలి వెడల్పు), 90 మి.మీ. స్ట్రోకు (పిస్టన్ పైకి కిందికి పోయే దూరం), 346 సీసీ అని అందరికి నోటికే ఉంటది, కని పాత కాస్ట్ ఐరన్ ఇంజన్‌ది అదే లెక్క, తర్వాతొచ్చిన ఏవీఎల్ ఇంజన్‌ది అదే లెక్క, దాని తర్వాతి యూసీఈ ఇంజన్‌ది గుడ అదే లెక్క. అంకెలు ఒక్కటే అయినంత మాత్రాన ఒకదాని పిస్టన్ ఇంకోదాంట్ల పెట్టి నడుపుతనంటే కుదరదు, లోపలి డిజైన్ మూడిటిది మూడు తీర్లు. అందుకే "350 బుల్లెట్ పిస్టన్" అని అడిగితే సగమే అడిగినట్టు.

రాజ్‌దూత్ గుడ అంతే. పాల క్యాన్లు మోసిన 175 వేరు, అది పోలండ్ ఎస్‌హెచ్‌ఎల్ బండి నుంచి వచ్చింది. రాజ్‌దూత్ 350 వేరు, అది అసలుకు యమహా ఆర్డీ350బీ, రెండు సిలిండర్లు, 64 బోరు 54 స్ట్రోకు, 347 సీసీ, అందుల మళ్ళ హెచ్‌టీ (హై టార్క్) అని ఎల్‌టీ (లో టార్క్) అని రెండు రకాలు. ఆర్ఎక్స్100 అయితే 50 బోరు 50 స్ట్రోకు, 98 సీసీ, 1985 నుంచి 1996 దాక వచ్చింది. దీని స్ట్రోకు, ఆర్ఎక్స్135 స్ట్రోకు ఒక్కటే కాబట్టి పికప్ కోసమని 135 బ్లాక్ (సిలిండర్) ఎక్కించిన బండ్లు కాలేజీ పోరగాండ్ల కాడ మస్తు తిరిగినయ్, ఇప్పటికి తిరుగుతున్నయ్. 135 బోరు 58 ఉంటది. కాబట్టి కొన్న ఆర్ఎక్స్100 అయితే బ్లాక్ విప్పి కొలవకుండ పిస్టన్ తెస్తే అది షోకేస్‌ల పెట్టుకునుడే.

జావా యెజ్దీ వాళ్ళకు ఒక మాట. మైసూర్‌ల ఐడియల్ జావా కంపెనీ 1961 ల మొదలైంది, 1996 ల మూతపడింది. 2018 నుంచి వస్తున్న కొత్త జావాలు నీళ్ళతోని చల్లబడే ఫోర్ స్ట్రోకు ఇంజన్లు, పెట్రోల్‌ల ఆయిల్ కలిపి నడిచే పాత 250 టూ స్ట్రోకుకు వాటికి పేరు తప్ప చుట్టరికం లేదు, ఆ షోరూంకు పోయి పాతదాని రింగులు అడుగుడు వేస్టు. మీది పాత జావానా, క్లాసిక్కా, రోడ్‌కింగా, మోనార్కా అన్నది మీకు ముందే తెలిసి ఉండాలె.

హీరో హోండా సీడీ100 ఉన్నోళ్ళు అదృష్టవంతులు, ఆ 97.2 సీసీ ఇంజన్ తోనే స్ప్లెండర్ వచ్చింది కాబట్టి చానా సామాన్లు కలుస్తయ్, ఏ మండలంల అయినా దొరుకుతయ్. వాళ్ళు ఈ గైడ్‌ల సగం వదిలేసినా నడుస్తది.

ఏది పోయిందో తెలుసుకోకుండ కొనుడు మొదలువెట్టొద్దు

పొగ వస్తుందనంగనే "బోర్ అయిపోయింది" అని చెప్పే మెకానిక్కులు ఎక్కువ. టూ స్ట్రోకు బండిల పొగ ఆగకుండ వస్తూ, గేర్ ఆయిల్ గిట్ల తగ్గుతుంటే ముందు క్లచ్ వైపు ఉన్న క్రాంక్ (పిస్టన్ ఆటను తిప్పుడుగ మార్చే షాఫ్టు) ఆయిల్ సీల్‌ను అనుమానించాలె, ఎందుకంటే ఆ సీల్ పోతే క్రాంక్ చాంబర్ గేర్ ఆయిల్‌ను లోపలికి గుంజుకొని కాలుస్తది. మాగ్నెట్ వైపు సీల్ పోతే ఉల్టా అయితది, గాలి గుంజుతది, రేస్ వదిలినా ఇంజన్ దిగకుండ గుయ్యిమంటది, పెట్రోల్ తక్కువై ఆయిల్ అందక చివరికి పిస్టన్ జామ్ అయితది. అప్పుడు కొత్త పిస్టన్ వేసి పాత సీల్ అట్లనే వదిలేస్తే కొత్తది గుడ అదే దారిల పోతది. కాబట్టి టూ స్ట్రోకు ఇంజన్ చాంబర్ తెరిచిన్రంటే క్రాంక్ సీల్స్, బేరింగ్‌లు అన్నీ లెక్కల రాసుకోండ్రి.

ఫోర్ స్ట్రోకుల వేరే. బుల్లెట్ రేస్ వదిలినప్పుడు నీలం పొగ వస్తే ఎక్కువగ వాల్వ్ గైడ్ దిక్కు చూడాలె, రేస్ ఇచ్చి లోడ్ మీద పోతున్నంతసేపు వస్తే రింగులు, బోరు. కింద నుంచి టక టక మని బరువు సౌండ్ వస్తే బిగ్ ఎండ్, అంటే పిస్టన్‌ను క్రాంక్‌తోని కలిపే కాన్‌రాడ్ కింది కన్నం. పాత కాస్ట్ ఐరన్ బుల్లెట్‌ల బిగ్ ఎండ్ కాడ రోలర్ బేరింగ్ ఉండదు, ఫ్లోటింగ్ బుష్ ఉంటది, కని చానామంది ఎప్పుడో రోలర్ కాన్‌రాడ్ కిట్ కు మార్పించి ఉంటరు. మీ దాంట్ల ఏదుందో విప్పితేనే తెలుస్తది, అందుకని విప్పకముందే బుష్ కొని పెట్టుకోవద్దు.

విప్పేటప్పుడు ఫోన్‌ల ఫోటోలు తియ్యుండ్రి, ఏ షిమ్ (సందు సరిచేసే పల్చటి వాషర్) ఏ వైపుదో, ఏ వాషర్ కింద ఏది ఉందో. ఒక్కో దాన్ని ఒక్కో కవర్‌ల వేసి పేరు రాసుండ్రి. పాత సామాను, పగిలినా సరే, అరిగినా సరే, బండి స్టార్ట్ అయ్యి ఊరంత తిరిగేదాక పారెయ్యొద్దు, మెకానిక్ షెడ్డుల వదిలెయ్యొద్దు. షాపుల మీ తరఫున మాట్లాడేది ఆ పాత ముక్కనే.

కొలత: ఈడ జర నిదానంగ

వెర్నియర్ (సన్న కొలతలు చూసే స్కేలు) ఒకటి కొనుక్కోండ్రి, అది లేకుండ పాత బండి జోలికి పోవద్దు. అయితే బోరు కొలవనీకి వెర్నియర్ సరిపోదు, బోర్ గేజ్, మైక్రోమీటర్ కావాలె, అవి బోరింగ్ చేసే లేత్ వర్క్‌షాపుల ఉంటయ్, బ్లాక్ తీస్కపోయి కొలిచి చెప్పమంటే చెప్తరు. ఒక్క కాడ కొలిస్తే లెక్క కాదు, పైన నడుమ కింద మూడు చోట్ల, ప్రతి చోట ముందు-వెనుక ఒకసారి, కుడి-ఎడమ ఒకసారి, మొత్తం ఆరు రీడింగులు. పైన ఎక్కువ కింద తక్కువ వస్తే బోరు గరాటు లెక్క అరిగింది, అడ్డం పొడువు తేడా ఉంటే కోడిగుడ్డు షేపు అయింది. రెండిట్ల ఏది ఎక్కువున్నా కొత్త రింగులు వేసి నెట్టుకొచ్చుడు కుదరదు, రీబోర్ (బోరును కొంచం పెద్దగ కోసుడు) చెయ్యాల్సిందే.

పిస్టన్ పైన ఏం రాసుందో చూడుండ్రి, కార్బన్ గీకితే కనవడుతది. జపాన్ తీరు బండ్లల్ల 25, 50, 75, 100 అని ఉంటే అది ఓవర్‌సైజు, అంటే స్టాండర్డ్ కంటె 0.25 మి.మీ. నుంచి 1.00 మి.మీ. దాక ఎక్కువ. ఆర్ఎక్స్100 ల 50 అని ఉంటే బోరు 50.50 అయి ఉన్నట్టు, ఇంక 75, 100 మిగిలినట్టు. ఏమీ లేకపోతే స్టాండర్డ్ అనుకోవచ్చు, కొలిచి పక్కా చేసుకోవాలె. బుల్లెట్ పిస్టన్లకు ఇంచు లెక్క నడుస్తది, ప్లస్ 20, ప్లస్ 40 అంటరు, అది ఇంచుల వెయ్యో వంతుల లెక్క. ప్లస్ 20 అంటే ఇంచుమించు అర మి.మీ. అన్నట్టు. షాపాయన "20 సైజు" అన్నప్పుడు ఏ లెక్కల అంటున్నడో అడిగి మరీ తెలుసుకోండ్రి.

బోరు ఒక్కటి కలిస్తే అయిపోలే. పిస్టన్‌ల ఇంకా చూడాల్సినయి ఉన్నయ్: పిన్ను లావు ఎంత, పిన్ను నడిమధ్య నుంచి పిస్టన్ నెత్తి దాక ఎత్తు ఎంత, రింగు గాడి మందం ఎంత, స్కర్టు (పిస్టన్ కింది గోడ) పొడువెంత. నెత్తి ఎత్తు ఒక మి.మీ. ఎక్కువుంటే హెడ్‌కు కొడుతది, తక్కువుంటే బండి గుంజదు. టూ స్ట్రోకు పిస్టన్‌కు స్కర్టుల కిటికీలు, కోతలు ఉంటయ్, అవి పోర్టులకు (సిలిండర్ గోడల గ్యాస్ పోయే కన్నాలకు) సరిగ్గ ఎదురు రావాలె, పాత పిస్టన్‌ను కొత్తదాని పక్కన నిలవెట్టి చుట్టూ తిప్పి చూస్తే తేడా దొరికిపోతది. రింగు ఆపే చిన్న పిన్ను ఏ జాగల ఉందో గుడ చూడాలె, అది పోర్టు ఎదురుంగ వస్తే రింగు చివర పోర్టుల ఇరుక్కొని విరుగుతది.

స్మాల్ ఎండ్ (కాన్‌రాడ్ పై కన్నం) కాడ కొన్ని ఇంజన్లకు బుష్ ఉంటది, కొన్నింటికి నీడిల్ కేజ్ (సన్న రోలర్ల బేరింగ్) ఉంటది. కాన్‌రాడ్ కొనేటప్పుడు రెండు కన్నాల నడుమ దూరం, కింద వెడల్పు, క్రాంక్ పిన్ లావు మూడు రాసుకోని పోండ్రి.

నంబర్లు చదువుడు నేర్చుకుంటే సగం పని అయిపోతది

బేరింగ్ మీద 6205 అని ఉందనుకోండ్రి. చివరి రెండు అంకెలు 04 గాని అంతకంటె ఎక్కువ గాని ఉంటే, వాటిని 5 తోని గుణిస్తే లోపలి కన్నం వస్తది, 05 అంటే 25 మి.మీ. 6205 అంటే 25 లోపల, 52 బయట, 15 మందం. 6305 అంటే లోపల అదే 25, బయట మాత్రం 62, మందం 17. షాఫ్టుకు ఎక్కింది కదా అని తెస్తే చాంబర్‌ల పట్టదు. నంబరు పక్కన సీ3 అని ఉందా చూడుండ్రి, అంటే లోపల గోళీలకు కొంచం ఎక్కువ వదులు ఇచ్చిన బేరింగ్ అన్నట్టు, క్రాంక్ వేడికి పెరుగుతది కాబట్టి పాత బేరింగ్ సీ3 అయితే కొత్తది గుడ సీ3 నే తేవాలె, మామూలుది వేస్తే టైట్ అయితది. 2ఆర్ఎస్ అంటే రెండు వైపుల రబ్బరు మూత. టూ స్ట్రోకు క్రాంక్ బేరింగ్‌కు ఆయిల్ పెట్రోల్ తోనే వస్తది, మూత ఉంటే ఆ ఆయిల్ లోపలికి పోదు, అందుకని అక్కడ ఓపెన్ బేరింగే.

ఇంకో లాభం ఏందంటే, నంబరు తెలిసినంక బైక్ షాపు మీదనే ఆధారపడే పని లేదు. మన వరంగల్ చుట్టూ రైస్ మిల్లులు, జిన్నింగ్ మిల్లులు ఉన్నయ్ కాబట్టి మిల్లులకు, మోటర్లకు సామాను అమ్మే బేరింగ్ దుకాణాలు ఉన్నయ్, వాళ్ళ కాడ ఎస్‌కేఎఫ్, ఎన్‌బీసీ లాంటి మంచి కంపెనీలయి ఆ నంబరు చెప్తే ఇస్తరు. ఆయిల్ సీల్ గుడ అంతే, మీద 25 40 8 అని మూడు అంకెలుంటే లోపల, బయట, మందం. బండి పేరు చెప్పనే అక్కర్లే.

కంపెనీ పార్ట్ నంబర్లకు గుడ ఒక పద్ధతి ఉంటది. యమహా నంబరుల మొదటి మూడు మోడల్ కోడ్, నడుమ ఐదు అంకెలు సామాను ఏందో చెప్తయ్, 11631 అంటే స్టాండర్డ్ పిస్టన్, 11635 అంటే 0.25 ఓవర్‌సైజు, 11636 అంటే 0.50. హోండా తీరుల మొదటి ఐదు అంకెలు సామాను పేరు, 13101 స్టాండర్డ్ పిస్టన్, 13102 అంటే 0.25, 13103 అంటే 0.50. డబ్బా మీద స్టిక్కర్ పాతబడి మోడల్ పేరు చిరిగిపోయినా నంబరు బతికుంటే చాలు. అన్నిటికంటె ముందు మీ బండి పార్ట్స్ క్యాటలాగ్ పీడీఎఫ్ సంపాదించుండ్రి, ప్రతి సామానుకు బొమ్మ, పక్కన నంబరు ఉంటది. కంపెనీ వాళ్ళు తర్వాత నంబరు మార్చి ఉండొచ్చు, పాత నంబరు తోని దొరకకపోతే దాని బదులు ఏ నంబరు వచ్చిందో అడగాలె.

ఏది కొత్తది, ఏది పాత స్టాకు, ఏది సెకండ్ హ్యాండ్

పాత స్టాకు కంపెనీ డబ్బా అనంగనే మనోళ్ళు ఎంతకైనా కొంటరు. ఇనుపది, స్టీలుది అయితే కొనొచ్చు, పిస్టన్, గేర్లు, కిక్ షాఫ్టు, క్రాంక్ పిన్, తుప్పు లేకపోతే బంగారమే. రబ్బరు సామాను మాత్రం పాత స్టాకుది ముట్టద్దు, ఇరవై ఏండ్లు డబ్బాల ఉన్న ఆయిల్ సీల్ పెదవి గట్టిపడి ఉంటది, వేసిన నెలకే కారుతది. పైగా ఇప్పుడొచ్చే పెట్రోల్‌ల ఇథనాల్ 20 శాతం దాక కలుపుతున్నరు, పాత రబ్బర్లు దానికి తట్టుకోవు. సీల్స్, ఓ రింగులు, కార్బోరేటర్ రబ్బర్లు కొత్త తయారీవే తీసుకోండ్రి.

సెకండ్ హ్యాండ్‌ల గేర్లు, క్లచ్ బాస్కెట్, చాంబర్ కవర్లు, హెడ్ తీసుకోవచ్చు. గేర్ పండ్ల మూలలు గుండ్రంగ అరిగినయా, కుక్కలు అంటరు కదా పక్క పండ్లు, అవి చూడుండ్రి, అవి అరిగితే గేరు జారుతది. రింగులు, కాన్‌రాడ్ కిట్, సర్‌క్లిప్పులు (పిన్ను జారకుండ ఆపే స్ప్రింగు రింగులు) సెకండ్ హ్యాండ్‌వి ఎంత చీప్‌గ వచ్చినా వద్దు. చివరి ఓవర్‌సైజు గుడ దాటిపోయిన బ్లాక్‌ను గుజిరికి వెయ్యకుండ్రి, స్లీవ్ (లోపలి కొత్త గొట్టం) వేయించి మళ్ళ స్టాండర్డ్‌కు తెచ్చుకోవచ్చు. టూ స్ట్రోకుల స్లీవ్ వేసినంక పోర్టులు సరిగ్గ కొయ్యాలె, అది చేతి పని తెలిసినోని కాడనే చేయించాలె.

పాత బుల్లెట్‌ల బోల్టులు, స్టడ్లు చానామటుకు బ్రిటిష్ చూడివి, అంటే బ్రిటిష్ మర కొలతవి, మెట్రిక్ బోల్టు రెండు చుట్లు ఎక్కి టైట్ అయితే బలవంతం చెయ్యొద్దు, చాంబర్ చూడి పోతది. జావా, యెజ్దీ, జపాన్ బండ్లు మెట్రిక్.

ఎక్కడ వెతకాలె

మొదట ఇంటి దగ్గర. వరంగల్, హనుమకొండ, కాజీపేటల చిన్న చిన్న పాత స్పేర్ షాపులు అటక మీద ఏం పెట్టుకున్నరో వాళ్ళకే గుర్తుండదు, పెద్దమనిషి కూసున్న షాపుల అడుగుండ్రి, కొడుకు కూసున్న షాపుల కంప్యూటర్‌ల లేదంటే లేదంటరు. ముసలి మెకానిక్కుల కాడ జేబుల కాదు బుర్రల ఉంటది క్యాటలాగు, ఏ ఊర్ల ఎవరి ఇంట్ల పాత రాజ్‌దూత్ మూలకు వడి ఉందో వాళ్ళకు తెలుసు. గోదావరిఖని, మంచిర్యాల, భూపాలపల్లి దిక్కు బొగ్గు బాయిల కాలనీల్ల గుడ అడిగించుండ్రి.

ఇక్కడ దొరకకపోతే పొద్దుగాల ట్రైన్ ఎక్కి హైదరాబాద్. పుత్లీబౌలి దిక్కు బండి స్పేర్లు, రాణిగంజ్‌ల బేరింగ్‌లు, సీల్స్, ఆదివారం ఎర్రగడ్డ సంత, గురువారం జుమ్మెరాత్ బజార్. సంతల పొద్దున్నే పోవాలె, ఎండెక్కినంక మంచియి మిగలవు. సంతల ఇంజన్ చాంబర్, మొత్తం ఇంజన్ అమ్ముతుంటే నంబరు గీకి ఉందా చూడుండ్రి, గీకి ఉంటే ముట్టుకోకుండ నడవండ్రి, దొంగ బండిది అయితే పోలీస్ స్టేషన్ల సమాధానం చెప్పేది మీరే.

అంతకంటె దూరం అంటే బుల్లెట్ సామానుకు ఢిల్లీ కరోల్ బాగ్, సెకండ్ హ్యాండ్‌కు చెన్నై పుదుపేట, స్పేర్లకు బెంగళూరు జేసీ రోడ్. ఊకె పోవుడు ఎందుకు, వాట్సప్‌ల పాత సామాను పక్కన స్కేలు పెట్టి ఫోటో, కొలతలు, పార్ట్ నంబరు పంపి, వాళ్ళ కాడున్న దాని మీద వెర్నియర్ పెట్టి ఫోటో పంపమనుండ్రి. పంపనోని కాడ కొనొద్దు, అంతే. రాజ్‌దూత్ 350 వాళ్ళు బయటి దేశాల నుంచి ఆర్డీ350 సామాను తెప్పించుకుంటరు, ధర చూసేటప్పుడు కస్టమ్స్ డ్యూటీ, కొరియర్ కలుపుకొని లెక్కెయ్యాలె.

చేతికి వచ్చినంక చూడాల్సింది

డబ్బాను నమ్మొద్దు, డూప్లికేట్ గాళ్ళు ముందు నేర్చుకునేదే డబ్బా అచ్చేసుడు. పిస్టన్ లోపల వైపు చూడుండ్రి, మంచిదాంట్ల పోత నున్నగ, కంపెనీ గుర్తు తేటగ ఉంటది, డూప్లికేట్‌ల గరుకు, చిన్న చిన్న బొక్కలు కనవడుతయ్. పిన్నును వేలితోని నెడితే నిదానంగ జారాలె, లబక్కున జారిపోతే వదులు. తూకం కాంటా ఉంటే పాతది, కొత్తది రెండు తూచుండ్రి, బాగా తేడా ఉంటే వైబ్రేషన్ వస్తది. రింగును ఒంటిగ బోరుల వేసి పిస్టన్ నెత్తితోని సమంగ కిందికి నూకి చివర్ల సందు ఫీలర్ గేజ్ (సందు కొలిచే పల్చటి రేకులు) తోని కొలవాలె, 50 బోరుకు సుమారు 0.2 మి.మీ. దగ్గర్ల ఉండాలె, మాన్యువల్‌ల ఉన్న లెక్కే ఫైనల్. రింగులు అసలు సందే లేకుండ ఉంటే వేడికి పెరిగి బోరును గీకుతయ్.

కొనేటప్పుడే "ఫిట్ కాకపోతే వాపస్" అని బిల్లు మీద రాయించుకోండ్రి, సేట్ నవ్వినా సరే. వాపస్ ఉన్న సామానుకు నూనె పూయొద్దు, సుత్తె దెబ్బ తగలనియ్యొద్దు, కవర్ చింపొద్దు.

బోరింగ్‌కు ఇచ్చే వరుస

పిస్టన్ చేతికి రాకముందు బ్లాక్ బోరింగ్‌కు ఇయ్యొద్దు. పిస్టన్ లేకుండ బోరింగ్ చేయించుడంటే కాలు చూడకుండ చెప్పు కుట్టిచ్చినట్టే. డబ్బా మీద 50.50 అని ఉన్నా పిస్టన్ పిస్టన్‌కు కొంచం తేడా ఉంటది, లేత్ ఆయన స్కర్టు కింది భాగంల, పిన్నుకు అడ్డంగ కొలిచి, దానికి మాన్యువల్‌ల చెప్పినంత గ్యాప్ కలిపి బోరు చెయ్యాలె, చివర హోనింగ్ (రాయితోని సన్నగ రుద్దుడు) తోని గీతలు వెయ్యాలె. "టైట్‌గ పెట్టు అన్నా, ఎక్కువ రోజులు నడవాలె" అని చెప్పేటోళ్ళు ఉంటరు, అట్ల చెప్పకుండ్రి, గాలితోని చల్లారే టూ స్ట్రోకుల టైట్ బోరు ఎండకాలం ములుగు రోడ్డు మీదనే జామ్ అయితది. టూ స్ట్రోకుల పోర్టుల అంచులు గుడ కొంచం వాలుగ గీకమనాలె, లేకపోతే రింగు తాకుతది.

క్రాంక్‌కు కొత్త కాన్‌రాడ్ వేయిస్తే ప్రెస్ చేసినంక డయల్ గేజ్ మీద తిప్పి చూపించమనుండ్రి, ముల్లు ఎంత ఊగుతుందో మీరే చూడాలె, చూపించను అంటే వేరే వర్క్‌షాప్.

బిగించే ముందు అన్నీ ఒకసారి ఉత్తగనే పెట్టి, చేతితోని క్రాంక్ పూర్తిగ రెండు చుట్లు తిప్పుండ్రి. యమహా తీరు పిస్టన్ నెత్తి మీద బాణం సైలెన్సర్ వైపు చూడాలె. ఎక్కడన్న ఆగితే, తాకితే అప్పుడే విప్పాలె. సర్‌క్లిప్పులు కొత్తవే, నోరు కిందికో పైకో ఉండాలె, పక్కకు వద్దు.

ఇవన్ని అయినంక ఒక నోట్‌బుక్‌ల రాసి ఆర్సీ తోని పెట్టుకోండ్రి: ఏ సైజు పిస్టన్, ఏ బేరింగ్ నంబర్లు, సీల్ కొలతలు, ఏ తారీఖు, ఎన్ని కిలోమీటర్ల మీద. ఇప్పుడు 50 సైజు ఎక్కించి ఉంటే, 75 ది ఎక్కడన్న మంచి కంపెనీది కనవడితే ఇప్పుడే ఒకటి కొని నూనె పూసి, ప్లాస్టిక్ కవర్‌ల చుట్టి బీరువాల పెట్టుండ్రి, మీకు అవసరం పడే నాటికి అది దొరుకుతదన్న గ్యారంటీ ఎవరూ ఇయ్యరు.